డాక్టరు గదిలో పెరిగే బీపీ, ఇంటికొచ్చాక పెరిగే జబ్బు

ఇంట్లో 130 దాటని బీపీ ఆసుపత్రిలో 160 చూపిస్తే, చాలామంది ముందు ఇంట్లో ఉన్న మిషన్‌నే అనుమానిస్తారు. తప్పు మిషన్‌ది కాకపోవచ్చు. ఇటలీలోని మిలాన్‌లో జుసెప్పె మాంచియా బృందం ఈ సంగతిని గట్టిగా పరీక్షించి, 1983లో 'లాన్సెట్' పత్రికలో ప్రచురించింది. ఆసుపత్రిలో చేరిన 48 మందికి ధమనిలోనే సన్నటి గొట్టం అమర్చి, రక్తపోటును ఎడతెగకుండా నమోదు చేశారు. బీపీ చూడటానికి డాక్టరు లోపలికి రాగానే పై అంకె సగటున 27, కింది అంకె 15 పాయింట్లు ఎగబాకాయి. మొదటి నాలుగు నిమిషాల్లోనే శిఖరానికి చేరి, పది నిమిషాలయ్యేసరికి చాలావరకు దిగివచ్చాయి. 1987లో అదే బృందం డాక్టరుకు బదులు నర్సును పంపి చూస్తే, పెరుగుదల దాదాపు సగమే కనిపించింది. తేడాకు కారణం హోదాయా, మరొకటా అన్నది ఆ కొలత చెప్పదు.

పది నిమిషాల్లో దిగిపోయేదానికి ఇంత చర్చ ఎందుకని అడగవచ్చు. డాక్టరు బీపీ చూసేది సాధారణంగా ఆ మొదటి నిమిషాల్లోనే, మందు డోసు పెంచేది ఆ అంకెను బట్టే. బ్రిటన్‌లో 2011 నాటి మార్గదర్శకాలు క్లినిక్‌లో 140/90 వచ్చినంత మాత్రాన బీపీ జబ్బుందని తేల్చవద్దని, రోజంతా ఒంటిమీదే ఉండే మిషన్‌తో నిర్ధారించుకోవాలని చెప్పాయి. అలాగని దీన్ని ఉత్త భయంగా కొట్టిపారేయలేం. 27 అధ్యయనాలను కలిపి చూసిన 2019 నాటి విశ్లేషణలో, మందులు వాడకుండా క్లినిక్‌లో మాత్రమే బీపీ ఎక్కువగా ఉండేవారికి, మామూలు బీపీ ఉన్నవారికంటే గుండెజబ్బు ముప్పు 36 శాతం ఎక్కువని తేలింది. అప్పటికే మందులు వాడుతున్నవారిలో మాత్రం ఆ తేడా కనబడలేదు. ఇవి మనుషులను ఏళ్ల తరబడి గమనించి చెప్పిన లెక్కలు. క్లినిక్‌లో పెరిగిన బీపీయే ఆ ముప్పు తెచ్చిందని వీటినుంచి తీర్మానించకూడదు.

షుగరు విషయంలో ఆధారం ఇంకా పలచన. స్విట్జర్లాండ్‌లో టైప్-1 మధుమేహులను ముక్కుమొహం తెలియని వాళ్లముందు మాట్లాడించి, నోటిలెక్కలు చేయించారు. పరగడుపున ఉన్నప్పుడు ఈ ఒత్తిడి రక్తంలో చక్కెరను చెప్పుకోదగ్గంతగా మార్చలేదు. తిన్న తర్వాత మాత్రం చక్కెర దిగడం ఆలస్యమైంది. మన ల్యాబుల ముందు టిఫిన్ చేసి, రెండు గంటలు బెంచీమీద కూర్చుని, రెండోసారి రక్తమిచ్చేవారికి ఇది వర్తిస్తుందా అంటే వర్తించవచ్చు అనడం వరకే సబబు. సుమారు మూడు నెలల సగటును చూపే హెచ్‌బీఏ1సీ ఒక్కరోజు కంగారుకు కదలదు.

డాక్టరు గదిలోనే ఎందుకిలా? పరిశోధకులు శాలీ డికర్‌సన్, మార్గరెట్ కెమెనీ 2004లో 208 ప్రయోగాలను కలిపి పరిశీలించారు. ఎదుటివారు మనల్ని తూకం వేస్తున్నారన్న భావం, పరిస్థితి మన చేతిలో లేదన్న భావం రెండూ కలిసినచోట ఒత్తిడి హార్మోను కార్టిసాల్ అన్నిటికంటే ఎక్కువగా పెరిగింది. అవి ప్రయోగశాలలో జరిగినవి. ఓపీ చీటీ పట్టుకుని, నంబరు ఎప్పుడొస్తుందో తెలియక, లోపలికెళ్లాక 'మాత్రలు సరిగ్గా వేసుకుంటున్నారా?' అన్న ప్రశ్నకు జవాబు వెతుక్కునే మనిషికి ఆ రెండూ ఉంటాయన్నది నా ఊహ మాత్రమే. 67 దేశాల సమాచారంతో 2017లో వెలువడిన సమీక్ష ప్రకారం భారత్‌లో ప్రాథమిక వైద్యంలో డాక్టరు రోగితో గడిపేది దాదాపు రెండు నిమిషాలు. మిలాన్‌లో బీపీ దిగడానికి పట్టిన వ్యవధిలో మన దగ్గర ఐదుగురు రోగులు వచ్చి వెళ్లిపోతారు.

ఇంతవరకు చెప్పినవి గదిలోనే కొలవగలిగిన మార్పులు. అసలు చిక్కు ఇంటికి చేరాక మొదలయ్యే బాధలది. ఎంఈ/సీఎఫ్‌ఎస్ అనే దీర్ఘకాలిక నీరస వ్యాధిలో శ్రమ తర్వాత లక్షణాలు విషమించడం ముఖ్య లక్షణం. అమెరికాలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ 2015లో దీన్ని రోగనిర్ధారణకు తప్పనిసరి చేసింది. శ్రమ అంటే ఒంటి కష్టమే కాదు, బుర్రకు పెట్టే పని, మనసుకు తగిలే దెబ్బ, ఎక్కువసేపు నిలబడటం కూడా ఆ ఖాతాలోకే వస్తాయి. ఫలితం చాలాసార్లు గంటలు, రోజులు ఆలస్యంగా కనబడుతుంది. వారాల తరబడి వదలకపోవచ్చు. రాత్రి బస్సెక్కి, తెల్లవారి క్యూలో నిలబడి, మధ్యాహ్నం డాక్టరుతో ఓపిగ్గా మాట్లాడి వచ్చిన మనిషి ఎల్లుండి మంచం దిగలేకపోతే, ఆ సంగతి కేసు షీటులోకి ఎక్కే దారేదీ లేదు. డాక్టరు చూసింది కష్టంమీద కూడగట్టుకున్న ఒక్క గంటను. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు రూపొందించే నైస్ సంస్థ 2021 నాటి సూచనలు ఇలాంటివారికి సమయం, వెలుతురు, శబ్దం వారికి సరిపడేలా సర్దుబాటు చేయాలని, జబ్బు తీవ్రంగా ఉన్నవారిని ఫోనులోనో, ఇంటికి వెళ్లో చూసే వీలుండాలని చెప్పడం అందుకే.

మైగ్రేన్‌లోనూ ఈ ఆలస్యపు ఛాయ ఉంది. న్యూయార్క్ పరిశోధకులు 2014లో ప్రచురించిన డైరీల అధ్యయనంలో, ఒత్తిడి సడలిన తొలి గంటల్లో తలనొప్పి మొదలయ్యే అవకాశం పెరిగింది. రాసినవారు 17 మందే కనుక దానిమీద మోయలేని బరువు పెట్టకూడదు.

ఇక్కడ 'ఒత్తిడి' అన్న మాటతో జాగ్రత్త అవసరం. అపాయింట్‌మెంట్ వల్ల లక్షణాలు పెరుగుతాయనడం వేరు, జబ్బంతా టెన్షనే అనడం వేరు. రెండోది విని, గుండెనొప్పి నిజంగా వచ్చినరోజు కూడా నోరు విప్పనివారు ఉంటారేమోనని నా భయం. నిలబడటం, నిద్రలేమి, పరగడుపు, ఎండ ఇవన్నీ ఒంటికి తగిలేవే. వాటన్నిటినీ మనసు ఖాతాలో రాసేస్తే లెక్క తప్పుతుంది.

భారత్‌లో 2020 మార్చిలో టెలిమెడిసిన్‌కు స్పష్టమైన నియమాలు వచ్చాయి. మందుల మోతాదు మాట్లాడుకోవడానికే ప్రతిసారీ ప్రయాణం అక్కర్లేదు. ఇంట్లో ఐదు నిమిషాలు కదలకుండా, మాట్లాడకుండా కూర్చుని వారంపాటు రాసుకున్న బీపీ కాగితం, గదిలో వచ్చే ఒక్క అంకెకంటే డాక్టరుకు ఎక్కువ పనికొస్తుంది. లక్షణాలకైతే డైరీని అపాయింట్‌మెంట్‌కు మూడురోజుల ముందు మొదలుపెట్టి, తర్వాత ఐదురోజులదాకా కొనసాగించాలి. వీలైతే పోల్చిచూడటానికి మరో ప్రయాణం కూడా అందులో ఉండాలి. అంతే దూరం, అదే బస్సు, అంతే నిద్ర చెడటం, కానీ వెళ్లింది మేనల్లుడి గృహప్రవేశానికి.