నెల రప్పించే మాత్ర, పటాన్‌చెరు సూది: గర్భిణుల హార్మోన్ మందుల చరిత్రలో తెలుగు ఆధారాలు

ప్రవేశిక

మందుల చరిత్రను సాధారణంగా కనుగొన్నవారి వైపు నుంచి రాస్తారు. మింగినవారి వైపు నుంచి రాయబోతే ఆధారాలు తక్కువ. గర్భిణులకు ఇచ్చిన హార్మోన్ మందుల విషయంలో ఈ లోటు మరీ ఎక్కువ. మందు మింగింది తల్లి, ఫలితం అనుభవించింది బిడ్డ, ఆ రెంటికీ మధ్య ఇరవై ఏళ్ళ ఎడం.

1938లో లండన్‌లో చార్లెస్ డాడ్స్ బృందం రూపొందించిన డైఇథైల్‌స్టిల్‌బెస్ట్రాల్ ఇందుకు ప్రసిద్ధ నిదర్శనం. గర్భస్రావాన్ని ఆపుతుందన్న నమ్మకంతో అమెరికాలో లక్షలాది గర్భిణులకు దీనిని ఇచ్చారు. ఆ గుణం దానికి లేదని షికాగో విశ్వవిద్యాలయంలో జరిగిన పరీక్ష 1953లోనే తేల్చినా వాడకం ఆగలేదు. 1971లో హెర్బ్‌స్ట్, ఆయన సహచరులు అరుదైన యోని క్యాన్సర్ సోకిన ఎనిమిది మంది యువతుల వివరాలు ప్రకటించారు. వారిలో ఏడుగురి తల్లులు గర్భంతో ఉండగా ఈ మందు వాడినవారే. ఆ దిశగా వైద్యులను నడిపించినది ఒక రోగి తల్లి అడిగిన ప్రశ్న అన్నది మరువరానిది. ఈ క్యాన్సర్ అలాంటి కూతుళ్ళలో సుమారు వెయ్యిమందికి ఒకరికి వస్తుంది. సంతానలేమి, గర్భాశయం వెలుపల గర్భం, నెలలు నిండని కాన్పు అంతకంటె చాలా ఎక్కువమందికి ఎదురయ్యాయి.

‘నెల తప్పడం’ అనే మాట

భారతదేశంలో ఈ చరిత్ర వేరే మాత్రతో సాగింది. ఈస్ట్రోజన్, ప్రొజెస్టిరాన్‌లను అధిక మోతాదులో కలిపిన ఇ.పి. మందులను గర్భ నిర్ధారణ కోసం వాడేవారు. మాత్ర ఆపిన కొద్ది రోజులకు రుతుస్రావం అయితే గర్భం లేనట్లు, కాకపోతే ఉన్నట్లు. ఆ ‘ఉన్నట్లు’ తేలేసరికే పిండానికి హార్మోన్ చేరిపోయి ఉంటుంది. పిండ అవయవాలు ఏర్పడే వారాలు కూడా అవే.

ఇక్కడ తెలుగు పలుకుబడిని గమనించాలి. ‘నెల తప్పింది’ అన్న మాటలో గర్భం నిశ్చయం కాదు, అనుమానం మాత్రమే. ఆ మాటకు జవాబుగా వచ్చినది ‘నెల రావడానికి మాత్ర’. పరీక్ష, చికిత్స, గర్భస్రావం అనే మూడు భిన్న విషయాలను ఆ ఒక్క పలుకుబడి కలిపేసింది. కడుపు పోతుందన్న ఆశతో మింగినవారికి అది పనిచేయలేదు, ఎందుకంటే నిలిచిన గర్భాన్ని దించే శక్తి ఈ హార్మోన్లకు లేదు. అలా నిలిచిన గర్భమే పూర్తి మోతాదుకు గురయింది. దీనికి స్త్రీల అజ్ఞానాన్ని కారణం చేయడం సులువు. కాని ఆ మాత్ర ఏమి చేస్తుందో తెలిసి అమ్మినవారు ఉన్నారు.

1982లో కేంద్ర ఔషధ నియంత్రణాధికారి వీటిని నిషేధించగా, కంపెనీలు కలకత్తా, బొంబాయి హైకోర్టుల నుంచి స్టే తెచ్చుకున్నాయి. మహిళా, ఆరోగ్య సంఘాల పోరాటం తరువాత, సుప్రీంకోర్టు జోక్యంతో బహిరంగ విచారణలు జరిగి, 1988లో నిషేధం అమలుకు వచ్చింది. ఇదే తరహా ప్రిమోడాస్ మాత్ర వల్ల అంగవైకల్యాలు వచ్చాయా అన్నది బ్రిటన్‌లో నేటికీ వివాదమే. 2017లో నిపుణుల సంఘం సంబంధం రుజువు కాలేదన్నది. 2020 నాటి కంబర్‌లెజ్ సమీక్ష మాత్రం, ఆ మందును 1967లోనే ఆపి ఉండవలసిందని నిర్ణయించింది. హాని రుజువయ్యే దాకా ఆగనక్కరలేదనీ, అవసరం లేని మందుకు అనుమానమే చాలుననీ ఆ నిర్ణయం వెనుక ఉన్న తర్కం. మూత్ర పరీక్షలు అప్పటికే అందుబాటులో ఉన్నాయి కదా.

పటాన్‌చెరు

తెలుగు నేలపై ఈ చర్చకు కేంద్రం హైదరాబాదు సమీపంలోని పటాన్‌చెరు. నెట్-ఎన్ అనే గర్భనిరోధక సూదిమందును భారత వైద్య పరిశోధన మండలి 1980ల నడుమ అక్కడి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పరీక్షించింది. అది ప్రయోగమని స్త్రీలకు తెలియదన్న సంగతిని స్త్రీశక్తి సంఘటన సభ్యులు బయటపెట్టారు. 1986లో ఆ సంఘం, ఢిల్లీకి చెందిన సహేలీ తదితరులతో కలిసి సుప్రీంకోర్టును ఆశ్రయించింది. గర్భం ఉన్నట్లు తెలియక సూది వేయించుకుంటే పిండం గతి ఏమిటి, పాలు తాగే బిడ్డకు ఏమి చేరుతుంది అన్నవి వారి ఆందోళనలలో ముఖ్యమైనవి. మాత్రను ఆపవచ్చు, ఒంట్లోకి ఎక్కిన సూదిమందును వెనక్కి తీయలేము. 2000లో ఆ వ్యాజ్యం ముగిసింది. 1991లో వెలువడిన ‘సవాలక్ష సందేహాలు’ ఈ ఉద్యమ వాతావరణంలోంచి వచ్చిన పుస్తకమే. దానిని స్త్రీవాద కవిత్వంతో పాటు చదివే అలవాటు మన సాహిత్య చరిత్రకారులకు ఇంకా రాలేదు.

ఆధారాల ప్రశ్న

దీర్ఘకాలిక ఫలితం తెలియాలంటే దీర్ఘకాలిక రికార్డు ఉండాలి. 17-ఆల్ఫా హైడ్రాక్సీప్రొజెస్టిరాన్ కాప్రొయేట్ తీసుకున్న తల్లుల సంతానంలో క్యాన్సర్ ముప్పు సుమారు రెట్టింపని కాలిఫోర్నియా పరిశోధకులు ఇటీవల చెప్పగలిగారంటే, 1960ల నాటి గర్భిణుల వివరాలు అక్కడ భద్రంగా ఉండబట్టే. అన్ని ప్రొజెస్టిరాన్లనూ దీనితో ఒకే గాట కట్టకూడదు. గర్భస్రావాలైన స్త్రీలలో కొందరికి సహజ ప్రొజెస్టిరాన్ మేలు చేస్తుందన్న ఆధారాలు కూడా ఉన్నాయి.

అటువంటి ఓపిక మన ప్రాంతానికి కొత్త కాదు. మదనపల్లె ఆరోగ్యవరం క్షయ చికిత్సాలయం 1950లో చుట్టుపక్కల పల్లెల్లో బి.సి.జి. టీకా పరీక్ష ప్రారంభించి, ఆ జనాన్ని రెండు దశాబ్దాల పాటు వెంబడించి చూసింది. క్షయకు దక్కిన ఆ శ్రద్ధ నెల తప్పిన స్త్రీకి దక్కలేదు.

1980లలో ఇ.పి. మాత్ర మింగిన స్త్రీలకు ఇప్పుడు అరవై, డెబ్బై ఏళ్ళు. వారి పిల్లలు నడివయసువారు. మదనపల్లె, బి.కొత్తకోట, పుంగనూరు ప్రాంతాలలో మౌఖిక చరిత్ర సేకరించదలచిన పరిశోధకులకు ఇంకా కొద్ది సంవత్సరాల వ్యవధి మాత్రమే ఉంది. ‘హార్మోన్ మందు వాడారా?’ అని అడిగితే లేదనే జవాబు రావచ్చు. ‘నెల రావడానికి ఏమైనా మింగినావా అవ్వా?’ అని అడగాలి.