టెలిగ్రాం కాగితాల మీద సంగీతం

రష్యన్ పియానో సంగీతం అనగానే రహ్మానినోవ్, షొస్తకోవిచ్ పేర్లు చెబుతారు. ఆ వరుసలోకి చాలా ఆలస్యంగా వచ్చిన పేరు ఒకటుంది. ఆయనే వ్సెవొలోద్ జదెరాత్‌స్కీ.

1891లో పుట్టి, మాస్కోలో చదువుకున్నాడాయన. అంతర్యుద్ధంలో బోల్షివిక్కుల ఎదుటి పక్షాన ఉన్నాడని సోవియట్ ప్రభుత్వం ఆయన్ని నమ్మలేదు. 1926లో అరెస్టు చేసినప్పుడు అంతవరకూ రాసిన సంగీతమంతా నాశనమైపోయింది. 1937లో మళ్ళీ పట్టుకుని కొలిమా నిర్బంధ శిబిరానికి పంపించారు.

అక్కడ పియానో లేదు. సంగీతం రాసే గీతల కాగితమూ లేదు. దొరికిన టెలిగ్రాం ఫారాల మీద పెన్సిలుతో 24 ప్రెల్యూడ్‌లు, 24 ఫ్యూగ్‌లు రాశాడు. ఇరవైనాలుగే ఎందుకంటారా? స్వరస్థానాలు పన్నెండు కదా! ఒక్కొక్కదానికి మేజర్, మైనర్ అని రెండేసి. ప్రెల్యూడ్ మన ఆలాపన లాంటిదనుకోండి. ఫ్యూగ్‌లో ఒక గొంతు ఎత్తుకున్న చిన్న వరసనే రెండోది, మూడోది అందుకుంటాయి. అన్నీ కలిసే నడవాలి, దేని దారి దానిదే కావాలి. వాయించి చూసుకునే వీలు లేకుండా ఈ లెక్కంతా మనసులోనే కట్టాడన్నమాట! షొస్తకోవిచ్ ఇలాంటి 24 జంటలు రాసింది 1950-51లో.

1939లో విడుదలయ్యాడు. 1953లో ల్వోవ్‌లో కన్నుమూశాడు. కొడుకు ఆ రాతలను కాపాడుకొచ్చాడు. 2014లో గాని మాస్కోలో అవన్నీ మొదటిసారి వినిపించలేదు.

ఇప్పుడు రికార్డులు ఉన్నాయి. మధ్యాహ్నం పనులయ్యాక ఒక్క జంటైనా వినండి. రెండో గొంతు అందుకునేటప్పుడు, పియానో ముట్టకుండా దాన్ని రాసిన చేతిని తలుచుకోండి.