చెరువుకు పదో వంతు

ఈ ప్రత్యేక సంచికకు మన పాత తాలూకాల గురించి ఏదైనా రాయమని సంఘం పెద్దలు అడిగారు. కామారెడ్డి, ఎల్లారెడ్డి ఆఫీసుల్లో గుమాస్తాగా పనిచేసినవాణ్ణి. అందుకని నేలనూ నీటినీ కాపాడుకొమ్మని సర్కారు రైతుకు ఇస్తూ వచ్చిన డబ్బు కథ రాస్తున్నాను.

ఈ డబ్బు నిన్న మొన్నటిది కాదు. నిజాం కాలపు రెవెన్యూ కాగితాల్లో 'దస్త్‌బంద్' అనే మాట ఉండేది. రాయలసీమ వైపు దశబంధం అన్నారు. చెరువు కట్టించినవానికి, తెగిన కట్టను బాగుచేయించినవానికి ఆ ఆయకట్టు శిస్తులో కొంత భాగం సర్కారు వదిలేది, లేదా అందుకు బదులు భూమి ఇచ్చేది. 'దశ' అన్న మాటలోనే పదో వంతు ఉంది. చెరువు బాగుండాలన్నదే షరతు. నీళ్ళు నిలిస్తే శిస్తు, శిస్తు వస్తే వాటా. తూము చూసే నీరడికి రైతులు కల్లంలో గింజలు కొలిచేవారు.

1949లో జాగీర్లు పోయాయి, 1955లో ఇనాముల రద్దు చట్టం వచ్చింది. వెట్టితో, దొరతనంతో ముడిపడిన ఆ కాలం పోవలసిందే. కాని కట్టను ఏటేటా కనిపెట్టి ఉండవలసింది ఎవరన్న ప్రశ్న అట్లాగే మిగిలిపోయింది.

మంజీర మీద 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్‌నే చూడండి. మొదట 29.7 టి.ఎం.సి.లు పట్టేది. పూడిక చేరి 1973 నాటికి 11.8కి పడిపోయింది. తర్వాత నీటిమట్టం పెంచి 17.8కి తెచ్చారు. ఎగువ చేల మట్టిని ఎక్కడికక్కడ ఆపకపోతే మళ్ళీ అదే గతి. అందుకే కేంద్రం నదీలోయ ప్రాజెక్టుల నేల సంరక్షణ పథకంలో ఈ పరీవాహక ప్రాంతాన్నీ చేర్చింది. వాలుకు అడ్డంగా గట్లు వేయడానికి సబ్సిడీ ఇచ్చేవారు.

చెలక రైతుకు ఇదొక చిక్కు. గట్టు కింద పోయే జాగా తనది, పారే నీళ్ళు కిందివాని మడికి. "నా మట్టి ఆపితే కిందోని పొలం పండుతది. మరి నాకేమొస్తది సారూ?" అని ఒక ముసలి రైతు నన్ను అడిగాడు. ఆ ప్రశ్నకు ఫారంలో గడి లేదు. గట్టు వేయడానికి డబ్బు ఉండేది, నిలబెట్టుకోవడానికి ఉండేది కాదు. కొన్నేళ్ళకు చాలా గట్లు నాగలి కింద కలిసిపోయాయి.

1995 ఏప్రిల్ నుంచి హనుమంతరావు కమిటీ సిఫారసుల ప్రకారం వాటర్‌షెడ్ పనులు వచ్చాయి. సొంత భూమిలో పనికి రైతు ఖర్చులో పదో వంతు నిర్వహణ నిధికి జమ చేయాలన్నారు. పేదలకు అందులో సగం. నాడు కాపాడేవానికి ఇచ్చిన పదో వంతు, నేడు కాపాడేవాడే కట్టవలసి వచ్చింది! అయినా నిర్వహణ అనే మాట మళ్ళీ కాగితం మీదికి వచ్చింది.

2015 మార్చి 12న మిషన్ కాకతీయ మొదలైంది మన సదాశివనగర్ పాతచెరువులోనే. పూడిక తీత ఖర్చు సర్కారుది, మట్టిని చేనికి తోలుకునే ఖర్చు రైతుది. చెరువూ లోతయింది, చెలకా బలపడింది. ఆ ముసలి రైతు ప్రశ్నకు కొంతైనా జవాబు దొరికింది.

2018లో వచ్చిన రైతుబంధు పెట్టుబడి సాయం, ఎకరాల లెక్కన పట్టాదారుకు. కష్టకాలంలో అది ఆదుకున్న మాట నిజం. కాని దానికీ చెరువుకూ సంబంధం లేదు.

కట్టడానికి డబ్బు ఎప్పుడో ఒకప్పుడు మంజూరవుతూనే ఉంది. ఏటేటా చూసుకునేవానికి మాత్రం దస్త్‌బంద్ తర్వాత నికరమైన వాటా దక్కలేదు. ఊరి చెరువుకు, దాన్ని చూసేవానికి పంచాయతీ లెక్కల్లో ఏటా ఒక పద్దు ఉండాలని నా మనవి.

మనలో చాలామందికి ఊళ్ళో ఇంకా ఎకరమో అరెకరమో ఉంది. ఎండాకాలం వెళ్ళినప్పుడు మనవలను వెంటబెట్టుకుని కట్ట మీద ఒకసారి నడవండి. తూము దగ్గర చెట్టు మొలిచినా, శిఖం భూమిలో ఎవరైనా మొరం పోసినా పంచాయతీకి రాసి ఇవ్వండి. అర్జీ రాయడం మనకు ఒకరు నేర్పనక్కరలేదు కదా!