పాఠమూ వైద్యమే

సిస్టర్ ట్యూటర్‌గా పదవీ విరమణ చేసిన నేను, నర్సు చేసే బోధన గురించి ఈ ప్రత్యేక సంచికలో నాలుగు మాటలు మనవి చేస్తున్నాను.

1860లో లండన్ సెయింట్ థామస్ ఆసుపత్రిలో ఫ్లోరెన్స్ నైటింగేల్ పేరిట సేకరించిన నిధితో నర్సుల పాఠశాల ప్రారంభమైంది. వార్డులో రోగి మంచం పక్కనే పని నేర్పడం అక్కడి పద్ధతి. మన దేశంలో 1946లో భోర్ కమిటీ నర్సుల కొరతను ఎత్తిచూపింది. ఆ ఏడాదే ఢిల్లీలోనూ, వెల్లూరులోనూ నర్సింగ్ డిగ్రీ చదువు మొదలైంది. 1947లో ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ చట్టం వచ్చింది.

రోగికి నచ్చజెప్పడం ఎంత ముఖ్యమో మద్రాసు క్షయ చికిత్సా కేంద్రం చూపింది. 1956లో ఏర్పడిన ఆ కేంద్రం, శానిటోరియంలో ఉన్న వారికీ, ఇంటి వద్దే మందులు వాడిన వారికీ దాదాపు సమానంగా నయమైందని 1959లో ప్రకటించింది. ఇంటి వద్ద ఏడాది పాటు మందు మానకుండా మింగించాలంటే సిబ్బంది ఇళ్లకు వెళ్లి చూడాలి, విసుగు లేకుండా చెప్పాలి.

ఇంతటి పనికి మా రోజుల్లో డ్యూటీ చార్టులో చోటే లేదు. ఒక చేత్తో రోగులను చూస్తూ, మరో చేత్తో విద్యార్థినులకు నేర్పేవాళ్లం. ఇన్సులిన్ వేసుకోవడం డిశ్చార్జి చీటీ ఇచ్చే అయిదు నిమిషాల్లో చెప్పాల్సి వచ్చేది. సరిగా అర్థంకాని రోగి షుగరు పడిపోయి, స్పృహ లేకుండా తిరిగి వచ్చేవాడు.

బోధనకు విడిగా వేళ, విడిగా మనిషి ఉండాలి. అది దయ కాదు, చికిత్సలో భాగం. పెన్షనరు మిత్రులారా! ఇంటికి బయలుదేరే ముందు మందుల సంగతి సిస్టరును అడగండి. విన్నది తిరిగి ఆమెకే ఒప్పజెప్పండి.