ఇల్లు విప్పే పనితనం

మా నాన్న కోనసీమ వడ్రంగి. కొత్త ఇళ్లకు తలుపులు చెక్కినట్టే పాత మండువా లోగిళ్లు విప్పే పనికీ వెళ్లేవాడు. ఆ పనికో వరస ఉండేది. ముందు పెంకులు దించాలి, తర్వాత వాసాలు, దూలాలు, స్తంభాలు. గోడల జోలికి అన్నిటికంటే చివర పోవాలి. దూలం దిగకుండా గోడ మీద గునపం పడితే ఆయన ఊరుకునేవాడు కాదు.

ఆ వరస వెనక ప్రాణభయంతో పాటు సరుకు విలువా ఉంది. రంగూన్‌కూ కాకినాడకూ మధ్య స్టీమర్లు తిరిగిన రోజుల్లో కలిగినవాళ్ల ఇళ్లకు బర్మా టేకు వాడారు. 1865లో బాసెల్ మిషన్ మంగళూరులో పెంకుల ఫ్యాక్టరీ పెట్టాక, ఆ రకం బంగళా పెంకు మన ఊళ్లకూ చేరింది. ఒకదానికొకటి తగులుకునే ఆ పెంకును దించి మరో కప్పు మీద పరచుకోవచ్చు. గానుగ సున్నం ఇటుక కన్నా మెత్తన. గీకితే ఊడివస్తుంది, ఇటుక ముక్కలవదు. అందుకే సరుకు కోసం పాత ఇల్లు కొన్నవాడు యజమానికే డబ్బిచ్చి విప్పించుకునేవాడు. పగిలిన ప్రతి పెంకూ అతని నష్టమే. జాగ్రత్తలోనే లాభం ఉండేది.

సిమెంటు వచ్చి ఈ లెక్క మార్చేసింది. సిమెంటు పట్టిన ఇటుక గోడ నుంచి నిండుగా రాదు. స్లాబులో మిగిలే విలువంతా ఇనుప చువ్వలదే, అవి వంగినా తూకానికి పోతాయి. కాబట్టి ఎంత త్వరగా పడగొడితే అంత మిగులు. జేసీబీతో కింద గోడ తోసేసి పై స్లాబును దానంతటదే పడనిచ్చే పద్ధతి అలా అలవాటైంది. కింద మనుషులు ఉంటారన్నదే ఆ లెక్కలోకి రాదు.

నేను సివిల్ ఇంజనీరునయ్యాక ఐఎస్ 4130 చదివాను. కట్టడాలు కూల్చేటప్పుడు పాటించాల్సిన భద్రతా నియమావళి అది. దాన్ని 1991లో సవరించారు. ముందు కరెంటు, నీళ్ల కనెక్షన్లు తీసేయాలని, పై అంతస్తు నుంచి ఒక్కొక్కటే దిగుతూ రావాలని అందులో ఉంది. మా నాన్న చెప్పిన వరసే అది. 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టం కూల్చివేత కూలీలనూ తన కిందికి తెచ్చింది. రోజుకు 20 టన్నులు, లేదా నెలకు 300 టన్నులు మించి శిథిలాలు వచ్చే పనుల్లో కాంక్రీటు, ఇనుము, కలప, ఇటుక వేరుచేయాలని 2016 నిబంధనలు చెప్పాయి. హైదరాబాదులో జీడిమెట్ల, ఫతుల్లాగూడల్లో ఆ శిథిలాలను మళ్లీ వాడుకునేలా మార్చే ప్లాంట్లు ఉన్నాయి.

లాభం ఒకప్పుడు చేయించిన పనిని ఇప్పుడు చట్టం చేయించాల్సి వస్తోంది. చట్టం ప్రతి సందులోకీ రాలేదు. కూల్చేవాడికి ఇల్లు అప్పగించే మనమే అతన్ని అడగాలి: ఎక్కడ మొదలుపెడతావు? పక్కింటితో ఉమ్మడి గోడకు ఏం ఆసరా ఇస్తావు? కూలీలకు బీమా ఉందా? శిథిలాలు ఎక్కడికి పోతాయి? మున్సిపాలిటీ అనుమతి కాగితం చూపించమనాలి. పనిలో ఉన్న అనుభవజ్ఞుడికి ఈ ప్రశ్నలు కష్టం కావు, ఇంటిని చూస్తూనే జవాబులు చెబుతాడు. అలాంటివాడు నాలుగు రోజులు ఎక్కువ అడిగితే ఇవ్వండి. కింద ఇటుకలు మోసే మనిషికి ఆ నాలుగు రోజులే రక్ష.