తపాలా అంగీకార సూత్రం

తపాలా ద్వారా పంపిన అంగీకారం ఎప్పటి నుండి ఇరుపక్షాలను కట్టివేస్తుందో తెలిపే న్యాయసూత్రం '''తపాలా అంగీకార సూత్రం'''. ఇది ఇంగ్లాండులో ఉన్ని అమ్మకానికి సంబంధించిన ఆడమ్స్ - లిండ్‌సెల్ కేసులో (1818) రూపొందినది. భారతదేశంలో 1872 నాటి కాంట్రాక్టు చట్టంలోని 4, 5 సెక్షన్లు ఈ విషయాన్ని నిర్ణయిస్తాయి.

== ఉదాహరణ ==
కర్నూలు జిల్లా ఆదోనిలోని పత్తి వ్యాపారి ధర తెలిపి అమ్ముతానని ఉత్తరం వ్రాయగా, కడప జిల్లా ప్రొద్దుటూరు వ్యాపారి సమ్మతిస్తూ జాబు పోస్టు చేశాడనుకుందాం. జాబు పోస్టు చేసిన క్షణం నుండి ఆదోని వ్యాపారి కట్టుబడతాడు; ఆ తరువాత ధర పెరిగినా వెనుకకు పోలేడు. ప్రొద్దుటూరు వ్యాపారి మాత్రం ఆ జాబు సంగతి ఆదోని వ్యాపారికి తెలిసినప్పుడే కట్టుబడతాడు. ఈలోగా ధర పడిపోతే ఫోను చేసి తన అంగీకారాన్ని ఉపసంహరించుకొనవచ్చును.

== టెలిఫోను ==
టెలిఫోను సంభాషణకు ఈ సూత్రం వర్తించదనియు, అంగీకారం వినబడిన చోటనే ఒప్పందం ఏర్పడుతుందనియు భగవాన్‌దాస్ కేడియా కేసులో సుప్రీంకోర్టు 1965లో తీర్పు చెప్పినది. దావా ఏ ఊరి కోర్టులో వేయవచ్చుననేది దీనిపై ఆధారపడి ఉంటుంది.