జ్వరం తగ్గినా మిగిలే మచ్చ: కాలా అజార్‌పై దక్షిణాసియా ఉమ్మడి పోరు

కాలా అజార్ నయమైన కొందరిలో కొంతకాలం తరువాత చర్మంపై మచ్చలు, బుడిపెలు ఏర్పడతాయి. ఈ చర్మవ్యాధిని పోస్ట్ కాలా అజార్ డెర్మల్ లీష్మానియాసిస్, క్లుప్తంగా పీకేడీఎల్ అంటారు. నిర్లక్ష్యానికి గురైన ఉష్ణమండల వ్యాధులలో ఇది ఒకటి. భారత్, నేపాల్, బంగ్లాదేశ్ రెండు దశాబ్దాలుగా కలిసి సాగిస్తున్న కాలా అజార్ నిర్మూలన కృషి ఫలితం ఇప్పుడు చాలావరకు ఈ మచ్చలను సకాలంలో గుర్తించడంపైనే ఆధారపడి ఉంది.

వ్యాధి స్వరూపం

కాలా అజార్‌కు కారణం లీష్మానియా డోనొవాని అనే పరాన్నజీవి. మట్టి గోడల పగుళ్లలో, పశువుల కొట్టాలలో తేమ ఉన్న చోట నివసించే ఇసుక ఈగలు దీనిని వ్యాప్తి చేస్తాయి. రోగికి దీర్ఘకాలిక జ్వరం వస్తుంది, బరువు తగ్గుతుంది, ప్లీహం ఉబ్బుతుంది. చికిత్స అందకపోతే దాదాపుగా మరణం తప్పదు. ఈ పరాన్నజీవిని 1903లో విలియం లీష్మన్, మద్రాసులో పనిచేస్తున్న చార్లెస్ డోనొవాన్ వేర్వేరుగా వెల్లడించారు. వ్యాధి చర్మరూపాన్ని 1922లో కలకత్తాలో ఉపేంద్రనాథ్ బ్రహ్మచారి వర్ణించారు.

దక్షిణాసియాలో కోలుకున్నవారిలో సుమారు 5 నుంచి 10 శాతం మందికి పీకేడీఎల్ సోకుతుంది. ఇది సాధారణంగా చికిత్స జరిగిన రెండు మూడేళ్లకు బయటపడుతుంది. మచ్చలు తెల్లబారి ఉండడంతో కుష్ఠుగానో బొల్లిగానో పొరబడే అవకాశం ఉంది. అయితే కుష్ఠులో వలె మచ్చ వద్ద స్పర్శ నశించదు. రోగికి జ్వరం, నీరసం ఉండవు, ప్రాణాపాయమూ లేదు. అయినా చర్మంలో పరాన్నజీవి సజీవంగానే ఉంటుంది. అతనిని కుట్టిన ఇసుక ఈగ మరొకరిని కుడితే, వారికి ప్రాణాంతకమైన కాలా అజార్ రావచ్చు.

మూడు దేశాల ఒప్పందం

మలేరియా కోసం జరిపిన డీడీటీ పిచికారీ వల్ల 1950, 60 దశకాలలో కాలా అజార్ కూడా దాదాపు కనుమరుగైంది. పిచికారీ ఆగిన తరువాత 1970 దశకంలో బిహార్‌లో తిరిగి విజృంభించింది. బిహార్, నేపాల్ తరాయి ప్రాంతాల మధ్య పెళ్లిళ్లకు, కూలి పనులకు నిత్యం రాకపోకలు ఉంటాయి. కాబట్టి ఒక దేశం ఒంటరిగా వ్యాధిని అదుపు చేయడం సాధ్యం కాదు.

ఈ కారణంగా 2005లో మూడు దేశాలు అవగాహన ఒప్పందం కుదుర్చుకున్నాయి. ఏటా 10,000 జనాభాకు ఒకటి కంటే తక్కువ కేసులు ఉండాలన్నది లక్ష్యం. దీనిని భారత్‌లో బ్లాక్, బంగ్లాదేశ్‌లో ఉపజిల్లా, నేపాల్‌లో జిల్లా స్థాయిలో లెక్కిస్తారు. తొలి గడువైన 2015 నాటికి లక్ష్యం పూర్తిగా నెరవేరలేదు. 2014లో ఢాకాలో జరిగిన ఒప్పందంలో భూటాన్, థాయ్‌లాండ్ కూడా చేరాయి.

వేలి కొన నుంచి తీసిన రక్తపు చుక్కతో నిమిషాలలో ఫలితమిచ్చే ఆర్‌కే39 పరీక్ష, ఒకే మోతాదుతో నయం చేసే లైపోసోమల్ ఆంఫోటెరిసిన్-బి, ఇళ్లలో క్రిమిసంహారక పిచికారీ, ఆశా కార్యకర్తల ఇంటింటి గాలింపు ఈ కృషికి మూలస్తంభాలు. ఖరీదైన ఆ ఇంజెక్షన్ మందును తయారీ సంస్థ ప్రపంచ ఆరోగ్య సంస్థ ద్వారా విరాళంగా అందిస్తోంది.

మిగిలిన కర్తవ్యం

2023 అక్టోబరులో బంగ్లాదేశ్, కాలా అజార్‌ను ప్రజారోగ్య సమస్యగా నిర్మూలించిన తొలి దేశంగా గుర్తింపు పొందింది. బిహార్, ఝార్ఖండ్, పశ్చిమ బెంగాల్, ఉత్తర్ ప్రదేశ్‌లలోని 633 బ్లాకులూ 2023 చివరికి లక్ష్యాన్ని చేరాయి. గుర్తింపు కావాలంటే ఈ స్థితిని వరుసగా మూడేళ్లు నిలబెట్టాలి. మరోవైపు నేపాల్‌లో, గతంలో వ్యాధి లేదని భావించిన కొండ జిల్లాలలోనూ కేసులు నమోదయ్యాయి.

పీకేడీఎల్‌కు భారత్‌లో మిల్టెఫోసిన్ గుళికలను 12 వారాలు వాడాలి. కంటి సమస్యలు తలెత్తే అవకాశం ఉన్నందున వైద్య పర్యవేక్షణ అవసరం. గర్భిణులకు ఈ మందు ఇవ్వరాదు. ఆరోగ్యంగానే ఉన్నాననుకునే కూలీ, మచ్చ కోసం పని మానుకుని ఆసుపత్రికి రావడం తేలిక కాదు. అందుకే ప్రభుత్వం ఉచిత చికిత్సతోపాటు వేతన నష్టానికి పరిహారం చెల్లిస్తోంది. కాలా అజార్ నుంచి కోలుకున్నవారు చర్మంపై కొత్త మచ్చ కనిపించిన వెంటనే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చూపించుకోవాలి. ఆ చికిత్స రోగికి ఎంత మేలో, ఇరుగుపొరుగుకూ అంతే రక్షణ.